మిరపకాయల పక్కన నాకింత ఎండ

ఈ మధ్య మా కాలనీలో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే చీరల మాట వెనకబడి, డి విటమిన్ మాట ముందుకొస్తోంది. రక్తపరీక్షలో ఎవరికెంత వచ్చిందో బడిపిల్లలు మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. తక్కువొచ్చినవాళ్ళు నిట్టూరుస్తారు. నాకు మాత్రం ప్రతిసారీ పాసు మార్కులే. లెక్కల్లో మూడుసార్లు తప్పిన నేను ఈ ఒక్క సబ్జెక్టులో నెగ్గుకొస్తున్నానంటే, దాని వెనక ఒక ట్యూషన్ ఉంది. అది డెబ్భైల చివర్లో, వరంగల్‌లో, ఎండుమిరపకాయల మధ్య కూచోబెట్టి మా అత్తమ్మ చెప్పిన ట్యూషన్.

నేను పుట్టింది నెక్కొండలో. మా నాన్నకు రైల్వేస్టేషన్ దగ్గర కిరాణా దుకాణం. బడి లేని పూట దుకాణం ముందున్న గోనెసంచుల మీద ఎక్కి కూచుని, ఎండలో వచ్చే రైళ్ళు, పోయే రైళ్ళు చూడటమే నా చదువు. ఎంత ఎండ తిన్నా ఎందుకో నా రంగు తగ్గలేదు. పెళ్ళిచూపులకు వచ్చిన అత్తమ్మ నా మొహం కంటే ముందు చెయ్యి చూసింది. మణికట్టు పట్టుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, "పిల్ల నిమ్మపండు లెక్క ఉన్నది" అంది. బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు మిరపకాయలు తీసి చూసే అలవాటు ఆమెది. నన్నూ అలాగే చూసిందని తర్వాత తెలిసింది. సరుకు నచ్చింది. బేరం కుదిరింది.

మా అత్తగారిది మిర్చి వ్యాపారం. గల్లీలోకి దుకాణం, దుకాణం వెనక గోదాము, గోదాము వెనక మా కాపురం. ఇంటి నడుమ ఒకప్పుడు ఆకాశం కనిపించే చిన్న గచ్చు ఉండేదట. కోతుల బాధ పడలేక మామయ్య దానిమీద రేకులు కప్పించాడు. వెలుగు కోసం మధ్యలో ఒక అద్దం పెట్టించాడు. ఆ అద్దంలోంచి పగలు రొట్టెల పెనమంత వెలుగు నేలమీద పడేది. పొద్దెక్కిన కొద్దీ అది గోడవైపు జరిగేది. మా పెద్దోడు దాన్ని పట్టుకుందామని వెంటపడేవాడు. మా ఇంటికొచ్చే ఎండ మొత్తం అంతే.

అసలు ఎండ డాబా మీద ఉండేది. దానికి మెట్లు గోదాములోంచి. గోదాములో పొద్దంతా హమాలీలు. ఆ ఇంటి ఆడవాళ్ళు హమాలీల మధ్యనుంచి నడిచిపోరు. పోయినా పైన కాలు పెట్టే జాగా లేదు, నేలంతా మిరపకాయలు పరిచి ఉండేవి. కొత్తలో ఒకటి రెండుసార్లు అడిగి చూశాను.

"అత్తమ్మా, జర డాబా మీదికి పోయొస్త."

"ఎందుకు బిడ్డా, మిరపకాయలు లెక్కవెడ్తవా? ఎండకు మొఖం కములుతది. నీడ పట్టున కూసో."

నీడ పట్టున కూచోబెట్టడం ఆ ఇంట్లో గౌరవం. పొలంలో, మార్కెట్లో ఎండకెండే ఆడవాళ్ళను రోజూ చూసే ఇల్లు అది. కోడలిమీద ఎండ పొడ పడనివ్వకపోవడం వాళ్ళ కలిమికి గుర్తు. నేనేమీ బాధపడలేదు. పనిలేకుండా కూచోమంటే కాదనేంత వెర్రిదాన్ని కాను.

అత్తమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పెద్దగా మాట్లాడదు, చేత్తో చూస్తుంది. గుప్పెట్లో మిరపకాయలు పట్టుకుని ఆడించి, లోపల గింజ గలగలమనే చప్పుడునుబట్టి ఎన్ని ఎండలు తిన్నాయో చెప్పేది. తాలుకాయను కళ్ళు మూసుకుని ఏరేది. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబారిన మిరపకాయ. సరిగా ఎండక, నీడలో ముక్కిపోతే అలా అవుతుంది. చూపుకు పసుప్పచ్చగా బాగానే ఉంటుంది, పట్టుకుంటే మెత్తగా ఉంటుంది. ఎర్రకాయ ధరలో దానికి సగం కూడా రాదు.

ఆమెకు నా మొగుడికంటే ముందు ఒక కూతురు ఉండేది. ఆ అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, కాన్పయి నెల తిరక్కముందే డాబా ఎక్కి ఎండలో బట్టలు ఆరేసింది. ఆ సాయంత్రమే జ్వరం. వారం తిరిగేసరికి మనిషి లేదు. జ్వరం దేనివల్ల వచ్చిందో ఎవరికి తెలుసు. అత్తమ్మకు మాత్రం ఆ ఎండ, ఆ గాలి గుర్తుండిపోయాయి. ఆ తర్వాత ఆమె చేతిలోకి వచ్చిన మొదటి బాలింతను నేనే.

అందుకని కాన్పులకు నన్ను పుట్టింటికి కూడా పంపలేదు, నా పథ్యాలు రెట్టింపయ్యాయి. పెద్దోడప్పుడు మూడు నెలలు, పాప పుట్టినప్పుడు అయిదు నెలలు చీకటి అర్రలో ఉన్నాను. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం. పాలు వాతమని పెట్టలేదు. రోజూ తన చేతులతో నూనె పట్టించి, కాళ్ళు పిసికి, తలకు గుడ్డ కట్టి, కిటికీ సందులో గుడ్డపీలికలు కుక్కేది. మా అమ్మ కూడా నన్ను అంత చూడలేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

నొప్పులు పాప పుట్టాక మొదలయ్యాయి. ముందు నడుము, తర్వాత తుంట్లు, తర్వాత పక్కటెముకలు. దగ్గితే పక్కలు చీలినట్టుండేది. మిరపకాయల ఇంట్లో దగ్గకుండా బతకడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. నేలమీద కూచుంటే లేవడానికి గోడ కావాలి, గోడ లేకపోతే మనిషి కావాలి. అడుగు తీసి అడుగు వేస్తే ఒళ్ళంతా అటొకసారి ఇటొకసారి ఊగేది, బాతులాగ. ఆ ఇంట్లో ఆడవాళ్ళ నడతకు పేరు. నా నడతమీద ఎవరూ వేలెత్తలేదు, నడకే దారి తప్పింది.

మా ఆయన ప్రేమ తైలాల రూపంలో బయటపడేది. వారానికొక కొత్త సీసా తెచ్చి దిండు పక్కన పెట్టి దుకాణానికి వెళ్ళిపోయేవాడు. పెళ్ళినాటి మల్లెల వాసన పోయి నేను కర్పూరం వాసన కొట్టడం మొదలుపెట్టాను. హారతి పడితే సరిపోయేది. చూసిపోయినవాళ్ళంతా వాతం అన్నారు. గాలి తగలనియ్యొద్దన్నారు. అత్తమ్మ ఇంకో రెండు సందులు వెతికి గుడ్డలు కుక్కింది.

పాపకు తొమ్మిదో నెల వచ్చింది. పాకడం నేర్చింది. ఒకరోజు పొద్దున నేను వంటింట్లో నేలమీద కూచుని పప్పు ఏరుతున్నాను. మూలన బొగ్గుల పొయ్యిమీద పాలు కాగుతున్నాయి. పాప నా పక్కనుంచి బయల్దేరి నేరుగా పొయ్యివైపు పాకింది. రెండు బారల దూరం. నేను లేవబోయాను. తుంట్లు లేవనివ్వలేదు. చేతులు నేలకు ఆనించి మళ్ళీ ప్రయత్నించాను. పాప వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వి, ఇంకాస్త ముందుకు పోయింది. నేను అరిచాను. పూజ దగ్గరున్న అత్తమ్మ పరిగెత్తుకొచ్చి పాపను ఎత్తుకుంది. పిల్ల చెయ్యి పొయ్యికి బెత్తెడు దూరంలో ఉంది.

అత్తమ్మ పాపను గుండెకు హత్తుకుని నావైపు చూసింది. నేనింకా కూచునే ఉన్నాను.

"లేవకపోతివేంది బిడ్డా?"

"లేవొస్తలేదు అత్తమ్మా."

ఆ మాట నేను అంతకుముందు ఆమెతో అనలేదు. నొస్తోందని అన్నాను, లేవలేనని అనలేదు. కన్నబిడ్డను నేలమీంచి ఎత్తుకోలేని తల్లినయ్యానని ఆ పూటే నాకూ తెలిసింది. ఏడ్చాను. చాట ఒలికిపోయి, పప్పు మళ్ళీ ఏరుకోవాల్సి వచ్చింది.

మర్నాడు అత్తమ్మ రిక్షా పిలిపించింది. టాపు పైకి వేయించి, పాపను ఒళ్ళో పెట్టుకుని, నన్ను దవాఖానకు తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ నెరిసిన జుట్టుతో, మెల్లగా మాట్లాడే మనిషి.

"ఎక్కడ నొప్పమ్మా?"

"ఎక్కడ లేదో అడుగుండ్రి, జల్ది చెప్త" అన్నాను.

ఆమె నవ్వింది. గొంతుక్కూచుని లేవమంది. కూచోగలిగాను. మోకాలి కింద ఎముకమీద బొటనవేలితో నొక్కింది. నా కేకకు బయటున్నవాళ్ళు తొంగిచూశారు. ఎముకల ఫోటో తీయించింది, రక్తం తీయించింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ ఫోటోను కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒక వింత ప్రశ్న అడిగింది.

"మీ ఇంట్ల ఎండ ఎక్కడ పడ్తది?"

అత్తమ్మ వెన్ను నిటారు చేసుకుంది. "మా కోడలిమీద ఎండ పడనియ్యమమ్మా. పెండ్లయి అయిదేండ్లాయె, గడప దాటనియ్యలే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"అదే రోగం" అంది. తర్వాత అత్తమ్మకు అర్థమయ్యేట్టు నిదానంగా చెప్పింది. ఎముకకు సున్నం కావాలి. తిన్న సున్నం ఎముకదాకా చేరాలంటే డి విటమిన్ కావాలి. ఎండ చర్మానికి తగిలితే దాన్ని ఒళ్ళే తయారుచేసుకుంటుంది. తగలకపోతే తయారుకాదు. "మగోళ్ళు ఎట్లన్న బయట తిరుగుతరు. ఆడోళ్ళది అట్ల గాదు. కడుపుల ఉన్నప్పుడు బిడ్డకు సున్నం తల్లి ఇయ్యాలె, పాలిచ్చేటప్పుడూ తల్లే ఇయ్యాలె. రాబడి లేదు, పోకడే ఉన్నది. ఎముక మెత్తగయింది. ఇట్లనే ఉంటె తుంటి కాడ ఇరుగుతది. ఇంకో కాన్పు వస్తె తల్లికే కష్టం."

"మా ఇంట్ల అద్దం నుంచి ఎండ పడ్తది గద" అన్నాను నేను, ఇంటి పరువు కాపాడాలని.

"అద్దం నుంచి వచ్చేది చూసేతందుకే అమ్మా. ఒంటికి పనికిరాదు."

అత్తమ్మ మొహం ఎర్రబడింది. "మా గల్లీల అందరి కోడండ్లు గిట్లనే ఉంటరు. మేము కొత్తగ చేసిందేం లేదు."

"అందుకే ఈ ఏడు మీ గల్లీ నుంచి నా దగ్గరికి వచ్చిన మూడో అత్తవు నువ్వు."

నాకు సూది వేసింది. సున్నం బిళ్ళలు రాసింది. పాలు తాగమంది. పాప మణికట్లు పట్టి చూసి, బిడ్డకూ ఎండ చూపించమంది. చీటీ చివర తెలుగులో 'ఎండ, రోజూ అరగంట' అని రాసింది. మందుల దుకాణాయన చీటీ మొత్తం చదివి, చివరి మందు తన దగ్గర స్టాకు లేదన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అత్తమ్మ అలవాటుగా రిక్షా టాపు పైకి లాగింది. ఇంటికొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. నాకు భయమేసింది. ఆమె చేసిన సేవకు డాక్టరమ్మ చేత తప్పు పట్టించినట్టయింది. పైగా ఎండ అనగానే ఆమెకు గుర్తొచ్చేది ఎవరో నాకు తెలుసు. ఎండకు పోతే కూతురు పోయింది, ఎండకు పోకపోతే కోడలు పోయేట్టుంది. ఏ దవాఖానలోనూ దానికి మందు లేదు.

మూడోరోజు పొద్దున ఆమె గోదాములోంచి వచ్చి నా మంచం మీద కూచుంది. కొంగులోంచి రెండు మిరపకాయలు తీసింది. ఒకటి ఎర్రగా, గట్టిగా ఉంది. ఇంకోటి తాలుకాయ. ఎర్రదాన్ని నా చెవి దగ్గర ఆడించింది, గలగలమంది. తాలుకాయను నా ముంజేతి మీద పెట్టింది. దాని రంగు, నా రంగు ఒకటే.

"నలభై ఏండ్ల సంది తాలు ఏరుతాన" అంది. "ఇంట్ల ఉన్నదాన్ని చూడకపోతి. నిమ్మపండు అనుకుంట మురిసిన. నా చేతితోని నిన్ను తాలు చేస్తి బిడ్డా."

"అట్ల అనకు అత్తమ్మా."

"అననియ్యి. నా పెద్ద బిడ్డను ఎండ తీస్కపోయిందని నిన్ను దాచిపెట్టిన. ఎండ తప్పు కాదేమో. నాకేం ఎరుక." కళ్ళు తుడుచుకుని లేచింది. మిరపకాయలు రెండూ నా దగ్గరే వదిలేసి, గట్టిగా వినబడేట్టు మామయ్యను పిలిచింది.

"ఇగో, ఇంటున్నరా. రేపటి సంది పొద్దున పది నుంచి పదకొండు దాంక డాబా మాది."

"మాది అంటె?"

"ఆడోళ్ళది."

"సీజన్లనా? ఎండపోసెటందుకు జాగ లేక నేను పక్కింటోళ్ళ డాబా అడుగుతాన."

"మిర్చి ఒకదినం ఆగి ఎండుతది. కోడలు ఆగది."

"హమాలీలు నవ్వుతరు."

"నవ్వనియ్యుండ్రి. పొద్దంత బస్తాలు మోసేటోళ్ళు, జర నవ్వుకుంటె మీకేం పోయింది?"

మామయ్య పక్కింటివాళ్ళ డాబా అడగడానికి వెళ్ళాడు. అత్తమ్మ నాలుగు ఖాళీ గోనెసంచులు తెప్పించి విప్పదీసి, బస్తాలు కుట్టే దబ్బనంతో తానే కూచుని ఒక తెర కుట్టింది. డాబామీద ఒక మూలను ఆ తెరతో చాటు చేశారు. ఇక మిగిలింది నేను ఎక్కడం. ఇరవై రెండు రాతిమెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. హమాలీలలో పెద్దాయన వచ్చి మెట్లు చూశాడు, నన్ను చూశాడు.

"సావుకారమ్మా, బస్తా అయితె వీపు మీద ఎక్కిస్త. కోడలమ్మను ఎట్ల ఎక్కిచ్చాలె?"

"అమ్మ బస్తా కంటె అలకగనే ఉన్నది" అని ఇంకొకాయన అన్నాడు. నా బరువు గురించి ఎవరన్నా మెచ్చుకుని అన్న చివరి మాట అదే కావచ్చు.

పెద్దాయన లారీమీద లోడు కట్టే మోకు తెచ్చాడు. గోడకు అయిదారు చోట్ల మేకులు కొట్టి, మెట్ల పొడవునా దాన్ని బిగించి, తన బరువంతా వేసి ఊగి చూశాడు. పదిగంటలకు హమాలీలంతా బయటికి వెళ్ళి గల్లీలో బీడీలు కాల్చుకున్నారు. నేను మోకు పట్టుకుని ఎక్కాను. వెనక నుంచి అత్తమ్మ తోసింది. మొదటిరోజు ఏడు మెట్లకే కూలబడ్డాను. రెండోరోజు తొమ్మిది. ఎనిమిది రోజులు పట్టింది పైకి చేరడానికి. ఎవరెస్టు ఎక్కినవాళ్ళు కూడా వాళ్ళ అత్తగారి తోపుతో ఎక్కి ఉండరు.

డాబా మీదికి తల ఎత్తగానే కళ్ళు మూసుకుపోయాయి. నేలంతా ఎరుపు, పైనంతా తెలుపు. దూరంగా ఒక రైలు నెక్కొండ వైపు పోతూ కూత వేసింది. ఏదన్నా గొప్పగా అనిపించాల్సిన క్షణం అది. నాకు తుమ్ములొచ్చాయి. మిరపఘాటుకు వరసగా పదకొండు. తుమ్ముకొక పక్కటెముక గుర్తొచ్చింది. పక్కన అత్తమ్మ కూడా తుమ్మింది. ఇద్దరం ముక్కులు తుడుచుకుంటూ నవ్వుకున్నాం.

తెర వెనక చాప వేసి, చేతులు, వీపు, పిక్కలు ఎండకు పెట్టి కూచునేదాన్ని. పక్కన పాప బోసి ఒంటితో ఆడుకునేది. అత్తమ్మ ముందుగా కాలితో మిరపకాయలు తిరగేసి, తర్వాత నావైపు తిరిగి, "ఇగ అటు మర్లు" అనేది. వాటిని కాలితో, నన్ను మాటతో. ఆమె చాప నా చాప పక్కనే. కాపలాకి కూచున్నానని అనేది గానీ, నెల తిరిగేసరికి తన మోకాళ్ళు కూడా చీర తప్పించి ఎండకు పెట్టడం నేను చూశాను.

ఎదురింటామె తన కిటికీలోంచి ఊరుకోలేదు.

"ఏందక్కా, కోడల్ని ఎండవెడ్తాండ్లట?"

"అవు చెల్లె. బూజు పట్టకముందే ఎండవెడ్తాన. నీ కోడల్ని గూడ తోలు, జాగ ఉన్నది."

ఎదురింటి కోడలు వారం తర్వాత నిజంగానే వచ్చింది. ఏ సాకుతో వచ్చిందంటే, మిరపకాయలు కొనడానికి.

రెండో నెలలో దగ్గితే వచ్చే నొప్పి తగ్గింది. డాక్టరమ్మ ఇంకో సూది వేసింది. ఆ రోజు దవాఖాన నుంచి వస్తూ అత్తమ్మ టాపు మీద చెయ్యి వేసి, ఆగి, వెనక్కి మడిచేసింది. ఇద్దరం నెత్తిమీద ఎండతో బజారు మధ్యనుంచి వచ్చాం. నా చేతులు కొంచెం నల్లబడ్డాయి. చూడ్డానికి వచ్చిన చుట్టాలావిడ అదే మాట అంది, కోడలు నల్లవడ్డదని. "నల్లవడుడు గాదు, రంగెక్కింది" అంది అత్తమ్మ. మిర్చిని తప్ప ఇంకొకరిని ఆమె ఆ మాటతో మెచ్చుకోవడం నేను వినలేదు.

మిర్చి సీజను అయిపోయింది. డాబా ఖాళీ అయింది. వానలు ఇంకా రాలేదు. ఒక పొద్దున అత్తమ్మ స్నానానికి వెళ్ళింది. పాప గోదాము గడప దగ్గర కూచుని, నోట్లో ఏదో పెట్టుకోబోతోంది. నేను వంటింటి నేలమీంచి లేచాను. గోడ పట్టుకోలేదు. నడిచాను, వంగాను, పాపను ఎత్తుకున్నాను. అప్పుడు తట్టింది, ఏం చేశానో. అలాగే నిలబడిపోయాను, ఎక్కడ మళ్ళీ కింద పెట్టాల్సి వస్తుందోనని. తర్వాత పాపను చంకలో వేసుకుని, రెండో చేత్తో మోకు పట్టుకుని, ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ పాప నా జడ లాగి నడవమంది.

తడిజుట్టుతో అత్తమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. పైమెట్టు దగ్గర ఊపిరి తీసుకుంటూ చేతులు చాపింది.

"నాకియ్యి బిడ్డను. అలిసిపోతవ్."

"ఇయ్య" అన్నాను.

పెళ్ళయినప్పటినుంచి ఆమెకు నేను ఎదురు చెప్పిన మొదటి మాట అది. ఆమె చాపిన చేతులు నడుముమీద పెట్టుకుని, "ఇయ్యకు" అంది. "ఎవరన్న అడిగినా ఇయ్యకు." పక్కకు తిరిగి, ఒక్క మిరపకాయా లేని డాబాను కాలితో తిరగేయడం మొదలుపెట్టింది.

ఎనభైల్లో మా తోటికోడలు కాపురానికి వచ్చింది. ఆమెకు కాన్పు అయి నెల తిరగ్గానే అత్తమ్మ కొత్త గోనెసంచులు తెప్పించి కూచుంది. అప్పటికి ఆమె చూపు మందగించింది. దబ్బనంలో పురికోస ఎక్కడం లేదు. నేను ఎక్కించి ఇచ్చాను. అర్రలో కిటికీ సందుల్లో కుక్కిన గుడ్డపీలికలను ఆమె ఒక్కొక్కటే బయటికి లాగేసింది. పది కాగానే మెట్ల కింద నిలబడి పిలిచింది. బాలింత ముందు, పసిగుడ్డును ఎత్తుకుని నేను వెనక, నన్ను తోస్తూ అత్తమ్మ. అప్పటికి నాకు ఆ తోపు అవసరం లేదు. అయినా వద్దనలేదు.